నాన్నతో జింకల వేటకి: మంచెకి మెట్లెన్ని?

రెండేళ్ల కిందట టెక్సాస్‌లోని లానోలో జింకల వేట ముగించుకుని హ్యూస్టన్‌కి తిరిగొస్తుంటే కారులో నాన్న దాదాపు ఏమీ మాట్లాడలేదు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయేమో, నిద్ర చాల్లేదేమో అనుకున్నాను. ఇంటికొచ్చి సామాను దించుతుంటే అప్పుడన్నాడు: "ఒరేయ్, నన్ను కూడా ఈ ఐస్ పెట్టెలాగే తీసుకెళ్లి తీసుకొచ్చావురా." కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ మాట నెలల తరబడి నా మనసులో ఉండిపోయింది. పోయిన నవంబరులో మళ్లీ వెళ్లాం, ఈసారి బాగా జరిగింది. ఎలా ప్లాన్ చేశామో రాయమని ఇద్దరు ముగ్గురు స్నేహితులు అడిగారు, వాళ్ల నాన్నలకీ డెబ్బై దాటాయి కాబట్టి. అందుకే ఇది రాస్తున్నాను.

నాన్నకి ఇప్పుడు 76. సొంతూరు గిద్దలూరు దగ్గర, నల్లమల అంచున. తాతకి లైసెన్సు తుపాకీ ఉండేది, చేల మీద పడే అడవి పందుల కోసం. నాన్న చిన్నప్పుడు జొన్న చేలో మంచె మీద కూర్చుని వడిసెలతో చిలకల్ని తోలేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ అనుమతి లేకుండా దుప్పి మీద తుపాకీ ఎత్తడం నేరం అయింది, అలా అవ్వడమే సరైనదని నాన్న ఇప్పటికీ అంటాడు, తన కళ్ల ముందే అవి తగ్గిపోవడం చూశాడు కాబట్టి. 1988లో మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాడు, అప్పటికి నాది ఏడో తరగతి. తనతో పనిచేసే ఒక టెక్సాస్ ఆయన ఓ నవంబరులో నాన్నని హిల్ కంట్రీకి, అంటే మధ్య టెక్సాస్ గుట్టల ప్రాంతానికి, తీసుకెళ్లాడు, ఆ తర్వాత రెండేళ్లకి నన్నూ రమ్మన్నారు. అప్పటి నుంచి మానిన ఏళ్లు తక్కువ.

ఇక్కడ జింకల సంగతి మన వైపుకి పూర్తిగా తలకిందులు. టెక్సాస్‌లో తెల్లతోక జింకలు 50 లక్షలకు పైగా ఉన్నాయి, అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు, అందులోనూ హిల్ కంట్రీలో మరీ దట్టం. పశువుల, జింకల పుళ్లలో గుడ్లు పెట్టే, ఆ గుడ్ల నుంచి వచ్చిన పురుగులు బతికుండగానే వాటిని తినేసే స్క్రూవార్మ్ ఈగని 1960లలో అదుపులోకి తెచ్చాక పుట్టిన జింక పిల్లలు ఎక్కువగా బతకడం మొదలైంది, తోడేళ్లలాంటి వేటాడే జంతువులు అంతకుముందే పోయాయి. మనిషి వేట ఆపేస్తే చలికాలంలో మేత చాలక అవి ఎండిపోతాయి. బంధువుల్లో కొందరు "ఎందుకయ్యా మూగజీవాల్ని" అంటారు, వాళ్లతో వాదన పెట్టుకోను, కానీ ఇంట్లో తినే మాంసం ఎక్కడిదో ఎలా వచ్చిందో తెలిసి తినడం నాకు ముఖ్యం, నాన్నకీ అంతే.

రెండేళ్ల కిందట ఏం జరిగిందో ముందు చెప్తాను. లానో కౌంటీలో ఒక రాంచ్‌లో (పశువులు మేపే పెద్ద పొలం) మూడు రోజులకి లీజు తీసుకున్నాం. టెక్సాస్‌లో భూమి 95 శాతం దాకా ప్రైవేటుదే కాబట్టి ఇక్కడ వేటంటే చాలామందికి ఎవరో ఒకరి రాంచ్‌కి డబ్బు కట్టి వెళ్లడమే. గైడు లేకుండా తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, మాటు వేయడం, గురి చూడటం, నెత్తురు జాడ పట్టడం, కోసి శుభ్రం చేయడం అన్నీ మనమే చేసుకోవాలి. ఓనరు ఫోన్లో "పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు" అన్నాడు. వెళ్లి చూస్తే పన్నెండడుగుల ఎత్తున జింకల కోసం దాక్కుని కూర్చునే పెట్టె, దానికి నిట్టనిలువు ఇనుప నిచ్చెన. నాన్న ఎక్కాడు, ఎక్కనని అనే మనిషి కాదు. చీకటి పడ్డాక దిగేటప్పుడు కింద నుంచి ఒక్కో పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టాను, పై నుంచి ఆయన ఊపిరి వినిపిస్తోంది, ఆ పది నిమిషాలు నాకు ఇంకా గుర్తే. మర్నాటి నుంచి ఆయన క్యాబిన్‌లోనే ఉన్నాడు. ఆ భయంతో మిగతా పనులన్నీ నేనే లాగేసుకున్నాను. వంట నేనే, తుపాకీ తుడవడం నేనే, చివరికి ఆయన బూట్ల లేసులు కట్టబోయాను. ముప్పై ఏళ్లు నాకు వేట నేర్పిన మనిషికి ఆ మూడు రోజులూ కుర్చీలో కూర్చోవడం తప్ప పని లేకుండా చేశాను. నిచ్చెన కంటే అదే ఎక్కువ బాధపెట్టిందని తర్వాత అర్థమైంది.

అందుకని ఈసారి ఆగస్టులోనే, కొత్త లైసెన్సులు అమ్మకానికి రాగానే, నాన్న ముందు నోటుబుక్కు పెట్టి "ఈ ఏడు రాంచ్ నువ్వే మాట్లాడు" అన్నాను. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు కళ్లజోడు పెట్టుకుని తెలుగులో ప్రశ్నలు రాసుకుని నలుగురు ఓనర్లకి వరసగా ఫోన్ చేశాడు. మంచెకి మెట్లెన్ని, వాటికి పట్టుకోవడానికి కడ్డీ ఉందా? కారు తలుపు దాకా వస్తుందా, లేకపోతే ఎన్ని అడుగులు నడవాలి, ఆ నేల రాళ్లా ఇసుకా? పడుకునే మంచానికీ బాత్రూంకీ మధ్య ఏమైనా మెట్టు ఉందా? జింకలకి మక్కలు చల్లే ఫీడరు ఎన్ని గజాల దూరంలో ఉంది? ఇవన్నీ నేను అడిగి ఉంటే మొహమాటపడేవాణ్ణి, ఎదుటివాడు "పర్లేదు" అంటే ఊరుకునేవాణ్ణి. ఆయన ఊరుకోలేదు, "అంచనా వద్దు, వెళ్లి లెక్కపెట్టి ఫొటో పంపించు" అన్నాడు. ముగ్గురు పంపలేదు. నాలుగో ఆయన మెట్లు మూడని రాసి, టేపు పెట్టి ఎత్తు కొలిచి ఫొటో పంపాడు. రాంచ్ ఖాయం.

(ఆ పెట్టెని ఇక్కడి వాళ్లు బాక్స్ బ్లైండ్ అంటారు. నాన్న మొదటి రోజు నుంచీ దాన్ని మంచె అనే అంటాడు, మా ఇంట్లో ఇప్పుడు అందరం అదే అంటాం.)

ప్రభుత్వ భూములు కూడా ఉన్నాయి, ఏడాది పర్మిట్ తీసుకుని శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ లాంటి చోట్లకి తక్కువ ఖర్చుతో వెళ్లొచ్చు. కానీ అక్కడ నడక ఎక్కువ, మక్కలు చల్లకూడదు, నారింజ రంగు చొక్కా, టోపీ తప్పనిసరి, అన్నిటికంటే ముఖ్యంగా పక్కన ఎవరు ఎటు కాలుస్తున్నారో మన చేతిలో ఉండదు. నేనొక్కణ్ణే అయితే వెళ్తాను. నాన్నతో వెళ్లను. ప్రైవేటు రాంచ్‌లో నారింజ రంగు చట్టప్రకారం అక్కర్లేదు, మేం మాత్రం మంచె దిగినప్పుడల్లా వేసుకుంటాం.

లైసెన్సు విషయం తేలిక. 65 దాటి టెక్సాస్‌లో నివాసం ఉన్నవాళ్లకి 7 డాలర్లు, నాకు 25. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి, నాన్న 1949లో పుట్టాడు కాబట్టి అక్కర్లేదు. ఇక్కడి తెలుగువాళ్లకి ఒక మాట: మా నాన్న సిటిజెన్. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలనుకుంటే ముందు లాయర్ని అడగండి. అలాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం మీద ఫెడరల్ చట్టంలో ఆంక్ష ఉంది, చెల్లే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు కూడా ఉంది, కానీ అది తెలుసుకోకుండా సరదాకి "ఒకసారి పట్టుకో నాన్నా" అని చేతికి ఇవ్వొద్దు. సరదాగా పక్కన కూర్చుని చూడటానికి అయితే ఏ బాధా లేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది మేం ఎక్కువ ఆలోచించాం. మా వైపు తుపాకీ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఆ శనివారం వచ్చిందంటే రోడ్లు, పెట్రోల్ బంకులు, ఐసు దొరికే దుకాణాలు అన్నీ కిటకిట. పైగా చాలా ఏళ్లలో సరిగ్గా ఆ శనివారం రాత్రే గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. మనకి ఒక గంట నిద్ర కలిసొచ్చినట్టే గానీ, టైముకి మాత్రలు వేసుకునే మనిషికి అది గందరగోళం. అందుకని రెండో వారం, మంగళవారం వెళ్లి శుక్రవారం వచ్చేలా పెట్టుకున్నాం. అప్పటికి సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో, చట్టం ప్రకారం అంతకు అరగంట ముందు నుంచీ కాల్చొచ్చు, సాయంత్రం పొద్దుగూకాక అరగంట దాకా. నాన్న ఎలాగూ నాలుగున్నరకే లేస్తాడు, హడావిడి లేకుండా టీ తాగి, మందులు వేసుకుని, బాత్రూంకి వెళ్లొచ్చి బయలుదేరొచ్చు. మగజింకలు ఆడవాటి వెంట పడి తిరిగే కాలం కూడా అదే కాబట్టి కోల్పోయిందేమీ లేదు.

రోజుకి రెండు పూటలా కూర్చోవాలన్న పట్టుదల మానేశాం. సాయంత్రం మంచె ఖాయం. పొద్దున్నది నాన్న ఇష్టం, లేచాక ఆయన చెప్పినదాన్ని బట్టి. ముందు రోజు రాత్రే "రేపు పొద్దున వెళ్దామా" అని అడిగితే వెళ్దామనే అంటాడు, నా కోసం. పొద్దున అడిగితే నిజం చెప్తాడు.

తుపాకీ మార్చాల్సి వచ్చింది. నాన్నది పాత థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్, ఎంతో ఇష్టం, కానీ కుడి భుజం పట్టేసినప్పటి నుంచీ దాని తన్నుకి భయపడి ట్రిగ్గర్ లాగే క్షణంలో కళ్లు మూస్తున్నాడు. నేను చూశాను, నేను చూసినట్టు ఆయన చూశాడు, ఇద్దరం ఏమీ అనుకోలేదు. సెప్టెంబరులో తన్ను తక్కువుండే నా టూ ఫార్టీ త్రీ రైఫిల్ తీసుకుని రేంజ్‌కి వెళ్లాం, ముందు చిన్న ట్వెంటీ టూతో యాభై గుళ్లు కాల్చి చెయ్యి తేలిక చేసుకున్నాక దాన్ని ఇచ్చాను. వంద గజాల లోపు జింకకి అది చాలు, గుండు సరైనది ఎంచుకుని సరైన చోట పెడితే. నాలుగు వారాలు ప్రతి శనివారం వెళ్లాం. చివరి వారం బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని వంద గజాల్లో అరచేయంత వలయంలో వరసగా కొట్టాడు. అయినా "నేను ఎనభై దాటి కాల్చను, చెయ్యి వణుకుతోంది" అని తనే హద్దు పెట్టుకున్నాడు. ఆ హద్దు నేను పెట్టి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలుసు.

మంచెలో ఇద్దరికీ కలిపి ఒకటే తుపాకీ. ఇది సౌకర్యం కోసమే కాదు, భద్రత కోసం. ఇరుకు పెట్టెలో రెండు తుపాకులుంటే గొట్టం ఎటు తిరిగిందో గమనించడం కష్టం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గుళ్లు బయటే ఉంటాయి, లోపల కూర్చుని కిటికీ తెరిచాకే లోడు చేస్తాం. నాన్నకి చెవి మిషన్లు ఉన్నాయి, అవి తీసి ఎలక్ట్రానిక్ మఫ్స్ పెట్టాం. చప్పుడు పెద్దదైతే అవి ఆపేస్తాయి, గుసగుస అయితే పెంచి వినిపిస్తాయి. ఏడెనిమిదేళ్లుగా మంచెలో నేను గుసగుసగా చెప్పిన మాట ఒక్కటీ సరిగ్గా వినపడలేదని అప్పుడు చెప్పాడు నాన్న.

ఇక ఒంటి సంగతి. దీని గురించి మగవాళ్లం మాట్లాడుకోం, మాట్లాడుకోవాలి. నాన్నకి షుగరు, బీపీ, గుండెకి రక్తం పలచబడే మాత్ర, ప్రోస్టేటు. బీపీ మాత్రల్లో ఒకటి నీరు పోయించేది. అది ఏ టైముకి వేసుకుంటే మంచెలో కూర్చున్న మూడు గంటలూ ఇబ్బంది ఉండదో డాక్టరు దగ్గరకి వెళ్లి అడిగాం, మా అంతట మేం మార్చలేదు. మూత గట్టిగా పట్టే వెడల్పు మూతి సీసా ఒకటి మంచెలో పెట్టాం. మొదటి సాయంత్రం ముందుగా నేనే వాడాను, తర్వాత ఆయనకి మొహమాటం పోయింది. రక్తం పలచబడే మాత్ర వల్ల కత్తి పని పూర్తిగా నాదే, చిన్న గాటు పడినా నెత్తురు ఆగడానికి టైము పడుతుంది. షుగరు పడిపోకుండా పల్లీ ఉండలు, అరటిపండు, ఒక డబ్బాలో పులిహోర. కరకరలాడే ప్లాస్టిక్ కవర్లన్నీ ఇంట్లోనే విప్పి గుడ్డ సంచుల్లో కట్టింది అమ్మ. పులిహోర ఇంగువ వాసనకి జింక రాదేమో అని అడిగారు ఒకరు. మనిషి వాసన కంటే పెద్ద వాసన ఇంకోటి లేదు దానికి, గాలి మన వైపు నుంచి అటు వీస్తుంటే ఏం తిన్నా తినకపోయినా రాదు.

కుర్చీ మీద డబ్బు ఖర్చు పెట్టండి. మడత కుర్చీలు వద్దు. వీపుకి ఆనుకోవడానికి ఉండి, చప్పుడు లేకుండా తిరిగేది కావాలి, కిటికీ వైపు నడుము తిప్పకుండా కుర్చీయే తిరగాలి. నవంబరు రాత్రులు అక్కడ చలిగానే ఉంటాయి, చిన్న గ్యాసు హీటరు పెట్టాం, ఆక్సిజన్ తగ్గితే తనంతట ఆరిపోయే రకం, అయినా ఒక కిటికీ వేలెడు తెరిచే ఉంచాం. మూసిన పెట్టెలో హీటరు ప్రాణం తీస్తుంది, ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

రాంచ్‌లో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. వెళ్లగానే గేటు నంబరు, తాళం కోడు, మంచె దగ్గరి మ్యాప్ పాయింట్ కాగితం మీద రాసి, ఒక కాపీ మా ఆవిడకి ఫొటో పంపి, ఒకటి నాన్న జేబులో పెట్టాను. నాకేదైనా అయితే 911కి చెప్పాల్సింది ఆయనే కదా. దగ్గరి ఎమర్జెన్సీ ఎంత దూరమో పగటిపూట ఒకసారి నడిపి చూసుకున్నాం.

దారి నాలుగు గంటల పైనే. 290 హైవే మీద ఆస్టిన్ దాకా, అక్కడి నుంచి 71 హైవే. గంటన్నర దాటకుండా ఆగుతూ వెళ్లాం, వాలర్‌లో బకీస్ పెట్రోల్ బంకు దగ్గర మొదటిది, శుభ్రమైన బాత్రూంలు కావాలంటే ఈ దారిలో దాన్ని మించింది లేదు. లానో దగ్గర పడేసరికి ఎర్రటి గ్రానైట్ గుట్టలు, నాగజెముడు పొదలు, మెస్కీట్ చెట్లు. మెస్కీట్ మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టమే, నాన్న దాన్ని చూడగానే ప్రతి ఏడూ "మన చెట్టొచ్చింది" అంటాడు.

మొదటి సాయంత్రం ఒక ఆడజింక, దాని రెండు పిల్లలు వచ్చాయి, పొద్దుగూకేదాకా మక్కలు తిన్నాయి. నాన్న తుపాకీ ముట్టుకోలేదు, బైనాక్యులర్స్ కూడా నాకివ్వలేదు. రెండో పొద్దున మోకాళ్లు పట్టేశాయన్నాడు, పడుకున్నాం, తర్వాత లానో నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం.

మూడో సాయంత్రం ఐదున్నర దాటాక ఒంటరి ఆడజింక ఎడమ నుంచి వచ్చింది. డెబ్బై గజాలు. నాన్న కుర్చీ తిప్పి, గొట్టం ట్రైపాడ్ మీద పెట్టి, అది పక్కకి తిరిగేదాకా ఎంతసేపు ఆగాడో చెప్పలేను, నేను ఊపిరి బిగపట్టి ఉన్నాను. పేలింది. జింక ఒక్క దూకు దూకి పొదల్లోకి పరిగెత్తింది. నేను లేవబోతే మోచెయ్యి పట్టుకుని "అరగంట" అన్నాడు. నాకు పదిహేనేళ్లప్పుడు నేర్పిన మాటే అది, తొందరపడి వెంట పడితే దెబ్బ తిన్న జంతువు ఇంకా దూరం పోతుంది. 

అరగంట అయ్యాక నేను లైటు తీసుకుని దిగాను, ఆయన కిటికీలోంచి చూస్తూ దారి చెప్పాడు. "ఆ నాగజెముడు ఉంది చూడు, దాని కుడిపక్క నుంచి వెళ్లింది. కాదు, ఇంకా అవతలది." నేనొక్కణ్ణే అయితే తప్పు పొద దగ్గర వెతికేవాణ్ణి. నెత్తురు జాడ ఆయన చెప్పిన చోటే దొరికింది, అక్కడి నుంచి నలభై అడుగుల్లో జింక. అక్కడి నేల రాళ్లు లేకుండా ఉంది కాబట్టి కారు దగ్గరకి తెచ్చి, నాన్నని దింపి, చెయ్యి పట్టుకుని అక్కడి దాకా నడిపించాను. లైసెన్సుతో వచ్చే ట్యాగ్ మీద నెల, తేదీ కోయడం, రాంచ్ పేరు, కౌంటీ పెన్నుతో రాయడం, కాలికి కట్టడం ఆయన చేశాడు, అది చట్టప్రకారం జింకని కదిలించకముందే అవ్వాలి, నేను ఎప్పుడూ మర్చిపోయి తిట్లు తినేది అక్కడే. ఆయన లైటు పట్టుకుంటే నేను కోశాను, "తిత్తి తెగకుండా, నిదానంగా" అంటూ పక్కనే నిలబడ్డాడు. తొంభై పౌండ్లు ఉంటుందేమో. ప్లాస్టిక్ స్లెడ్ మీద లాగితే నా నడుముకి ఇబ్బంది కాలేదు. ఒకటి చూసుకోండి, సీడబ్ల్యుడీ అనే జింకల జబ్బు వల్ల కొన్ని ప్రాంతాల నుంచి కళేబరం బయటకి తీసుకెళ్లడానికి ప్రత్యేక నిబంధనలుండొచ్చు, మీ కౌంటీకి ఏముందో బయలుదేరే ముందే టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్ల సైటులో చూడండి.

శుక్రవారం తిరిగొస్తుంటే దారంతా నాన్న మాట్లాడుతూనే ఉన్నాడు, ఎక్కువగా తాత గురించి, కొన్ని నాకు తెలియనివి. అమ్మ సగం మాంసం పచ్చడి పెట్టింది, గోంగూరతో ఒక రోజు వండింది.

నోటుబుక్కు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. చివరి పేజీలో నాన్న రాసుకున్నది: "మెట్లు మూడు, సరిపోయాయి. కుర్చీకి చేతులుండేది కొనాలి, లేచేటప్పుడు పట్టుకోవడానికి. ఫ్లాస్కు రెండోది. హీటరు ఎడమ వైపు పెడితే కాలికి తగులుతుంది. ఈ రాంచ్ ఆయనకి జనవరిలోనే అడ్వాన్సు ఇచ్చేయాలి."

అడ్వాన్సు ఇచ్చేశాం.